కర్ర అందుకోలేని ఎత్తులో: తిరుపతి వీధుల్లో ధ్వనితో హెచ్చరించే నడక పరికరం, ఒక కేస్ స్టడీ

మనిషి, దారి

వయసు 46. బ్యాంకులో క్లర్కు. రెటినైటిస్ పిగ్మెంటోసా (కంటి రెటీనా నెమ్మదిగా చెడిపోయే జబ్బు) వల్ల చిన్నప్పటి నుంచే రేచీకటి. ముప్పై దాటాక పక్కచూపు తగ్గుతూ వచ్చి, ఇప్పుడు రెండు కళ్లలోనూ నడిమధ్య 10 డిగ్రీల లోపు చూపు మాత్రం మిగిలింది. ఆ సందులోంచి వోచరు మీది అంకెలు చదువుతారు, కౌంటరు అవతలి మనిషిని గుర్తుపడతారు. పక్కనే ఆగి ఉన్న ఆటో మాత్రం కనపడదు. "అంత బాగా చదువుతా ఉన్నారు, చేతిలో కర్రెందుకు?" అని అడిగేవాళ్లే ఎక్కువ. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ తేడాను గుర్తించింది: మధ్యచూపు ఎంత స్పష్టంగా ఉన్నా, చూపు విస్తృతి 10 డిగ్రీల లోపు ఉంటే అది అంధత్వం కిందికే వస్తుంది. ఆయనకు సర్టిఫికెట్టు, యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు ఆ లెక్కనే వచ్చాయి.

దీనికి తోడు పన్నెండేళ్లుగా షుగరు. వేళ్ల చివర్లు, అరికాళ్లు మొద్దుబారాయి. పరికరం ఎంపికలో మిగతా అన్నిటికంటే ఈ సంగతే ముఖ్యమైంది. ఐఐటీ ఢిల్లీలో తయారై 2014లో విడుదలైన స్మార్ట్‌కేన్‌ను ఇలాంటి కేసుల్లో మామూలుగా ముందు చూడాలి. తెల్లకర్ర పిడికి తగిలించే ఆ పరికరం మోకాలి నుంచి తల దాకా ఉన్న అడ్డాలను అల్ట్రాసోనిక్ తరంగాలతో పసిగట్టి పిడిలో కంపనంగా చెబుతుంది. చేతిలో స్పర్శ బాగున్న వాళ్లకు సొంతంగా ఏదైనా తయారు చేసుకోవడం కంటే అదే మేలు. ఈయనకు ఆ కంపనం నిలకడగా తెలియలేదు, అందుకే అడ్డాలను శబ్దంతో చెప్పే, ఛాతీకి కట్టుకునే పరికరాన్ని సొంతంగా తయారు చేశాం. కర్ర మొన నుంచి చేతికి రావాల్సిన అదురు కూడా సగమే అందుతోంది. మిగతా సగాన్ని మొన చేసే చప్పుడుతో పూరించుకుంటున్నారు. అంటే ఆ చెవి ఇప్పటికే రెండు పనులు చేస్తోంది. పరికరం మోగిన ప్రతి క్షణమూ అది ఇంకేదో వినడం మానుకోవాల్సిందే. ఎప్పుడు మోగాలి అన్నదాని కంటే ఎప్పుడు మోగకూడదు అన్నదాని మీద ఈ కేసులో ఎక్కువ పని జరగడానికి కారణం అదే.

ఇల్లు కొర్లగుంటలో. రోజూ నడిచే దారి కిలోమీటరు పైచిలుకు: ముందు ఇరుకు వీధులు, తర్వాత లీలామహల్ సర్కిల్ దగ్గర శ్రీనివాస సేతు (ఫ్లైఓవర్) కింద దాటడం, ఆ తర్వాత దుకాణాల వరస. పొద్దున ఎండలో పోతారు, సాయంత్రం చీకటి పడే వేళకు తిరిగొస్తారు. రేచీకటి ఉన్నవాళ్లకు ఆ రెండూ ఒక దారి కాదు. ఎండలోంచి ఫ్లైఓవర్ నీడలోకి అడుగుపెట్టగానే కూడా కాసేపు చూపు మొత్తంగా మూసుకుపోతుంది. వెలుతురు మార్పుకు ఆ రెటీనా సర్దుకోవడానికి నిమిషాలు పడుతుంది, ట్రాఫిక్ అన్ని నిమిషాలు ఆగదు.

దెబ్బలన్నీ నడుము పైనే. సగం దించిన షట్టరు అంచు, దుకాణం ముందు కట్టిన టార్పాలిన్ గొట్టం, ఆగి ఉన్న లారీ వెనక తలుపు, మెట్ల కింది భాగం, గోడ మీంచి బయటికొచ్చిన ఏసీ అవుట్‌డోర్ డబ్బా, వాలుగా దిగిన కరెంటు స్తంభం స్టే వైరు. సగం దించిన షట్టరు వీటిలో అన్నిటికంటే చెడ్డది. కింద ఖాళీ ఉంటుంది కాబట్టి కర్ర నిశ్చింతగా లోపలికి పోతుంది, అడుగూ పోతుంది, నుదురు మాత్రం ఇనప అంచుకు తగులుతుంది. నడుము కింది అడ్డాలను ఆయన కర్ర బాగానే పట్టుకుంటోంది. కాబట్టి పరికరం పరిధి ముందే గీసుకున్నాం: నడుము నుంచి తల పైదాకా, ఒకటిన్నర మీటరు లోపు. అంతకు మించి ఏమీ కాదు.

ముందు చెవిని చూడాలి

రెటినైటిస్ పిగ్మెంటోసా ఉన్న మనిషికి ధ్వని పరికరం ఇచ్చే ముందు ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించడం తప్పనిసరి. ఈ జబ్బు వినికిడి లోపంతో కలిసి వస్తే దాన్ని అషర్ సిండ్రోమ్ అంటారు. చెవి కూడా నెమ్మదిగా తగ్గిపోయే మనిషికి మొత్తం నడకను చెవి మీద నిలబెట్టడం ప్రమాదం. షుగరు కూడా వినికిడిని తినేస్తుంది. 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా రెండు చెవులకూ విడివిడిగా పరీక్ష జరగాలి. ఈయనకు 4000 దాకా రెండు వైపులా 25 డెసిబెల్స్ లోపే, కుడి చెవికి 6000 పైన కొంత తగ్గుదల. అందువల్ల హెచ్చరిక శబ్దాలన్నీ 3000 హెర్ట్జ్ కిందే ఉంచాం. రెండు చెవుల మధ్య తేడా 15 డెసిబెల్స్ దాటి ఉంటే దిక్కు చెప్పే శబ్దాల జోలికి పోకుండా, దూరం చెప్పే శబ్దాలతో సరిపెట్టుకోవడం మంచిది.

ఇయర్‌ఫోన్లు చెవిలో దూర్చడం అన్న ఆలోచనే రాకూడదు. గోడ పక్కన నడిచేటప్పుడు కర్ర చప్పుడు దగ్గరగా తిరిగొస్తుంది, సందు రాగానే ఆ ప్రతిధ్వని ఒక్కసారిగా పలచబడుతుంది. చూపు లేనివాళ్లు వీధి మలుపును కనుక్కునేది అలాగే. చెవి రంధ్రం మూస్తే ముందు పోయేది ఈ సన్నటి తేడానే.

బోన్ కండక్షన్ హెడ్‌సెట్ పెడితే చెవికి భారమే ఉండదని చాలామంది అనుకుంటారు. చెవి రంధ్రం ఖాళీగా ఉండే మాట నిజం. కానీ చెంప ఎముక గుండా పోయిన శబ్దమూ చేరేది అదే లోపలి చెవికి. అదే ఫ్రీక్వెన్సీలో బయటి శబ్దం ఉంటే ఒకదాన్నొకటి కప్పేస్తాయి. వీధి రొద బలం ఎక్కువగా 1000 హెర్ట్జ్ కింద ఉంటుంది కాబట్టి హెచ్చరికను అంతకంటే పైన పెట్టాలి. ఇంకో పరిమితి: ఒక వైపు ఎముకకు ఇచ్చిన శబ్దం పుర్రె గుండా రెండో వైపుకూ పాకుతుంది. "ఎడమకు ముప్పై డిగ్రీలు" లాంటి సూక్ష్మమైన దిక్కులు దాంట్లో నమ్మకంగా రావు. ఎడమ, కుడి, నేరుగా అనే మూడు మాటలకే పరిమితం కావాలి.

ఏ శబ్దం, ఎందుకు

న్యూజీలాండ్‌లో లెస్లీ కే రూపొందించిన సోనిక్‌గైడ్ కళ్లద్దాల్లో దూరాన్ని శబ్దం స్థాయితో (పిచ్‌తో) చెప్పేవారు. అడ్డం ఎంత దూరంగా ఉంటే శబ్దం అంత సన్నం. 1992లో పీటర్ మైయర్ ప్రచురించిన వాయిస్ పద్ధతిలో కెమెరా దృశ్యాన్నంతా శబ్దంగా మారుస్తారు: ఎత్తు స్థాయి అవుతుంది, వెలుగు గట్టితనం అవుతుంది, ఎడమ నుంచి కుడికి దృశ్యం సుమారు సెకను పాటు చెవిలో సాగుతుంది. ఈ రెండోదానికి నెలల తరబడి సాధన కావాలి, ఖాళీ చెవి కావాలి. లీలామహల్ సర్కిల్‌లో ఖాళీ చెవి ఎవరికీ ఉండదు. అయినా ఎత్తును స్థాయితో చెప్పడం మాత్రం ఎవరికైనా ఇట్టే పట్టుబడుతుంది కాబట్టి అంతవరకు తీసుకున్నాం.

చివరికి మిగిలినవి రెండే శబ్దాలు. ఛాతీ ఎత్తు అడ్డానికి 1200 హెర్ట్జ్‌లో 40 మిల్లీసెకన్ల ఒంటి 'టక్'. తల ఎత్తు అడ్డానికి 2400 హెర్ట్జ్‌లో జంట 'టిక్‌టిక్', మధ్యలో 60 మిల్లీసెకన్ల విరామం. దూరం చెప్పేది స్థాయి కాదు, వేగం. ఒకటిన్నర నుంచి ఒక మీటరు దాకా సెకనుకు రెండుసార్లు, మీటరు నుంచి 60 సెంటీమీటర్ల దాకా నాలుగుసార్లు. 60 లోపు వస్తే ఛాతీ పట్టీలో కంపనం. షుగరు వల్ల వచ్చే మొద్దుబారడం చేతులకు, కాళ్లకు ముందు వస్తుంది. ఛాతీ చర్మానికి స్పర్శ సాధారణంగా నిలిచే ఉంటుంది, ఈయనకూ ఉంది. బస్సు హారన్ల మధ్య శబ్దం మునిగిపోయినప్పుడు ఆ కంపనమే ఆధారం.

రెండు సెన్సార్లకూ ఒకేసారి అడ్డం తగిలితే మొదట్లో రెండు శబ్దాలూ వచ్చేవి. "రెండూ మోగితే నాకు కట్టె చప్పుడే వినపడలా నాయనా" అన్నారాయన. ఇప్పుడు తల ఎత్తు శబ్దం ఒక్కటే వస్తుంది. ఛాతీకి తగిలేది ఎలాగూ కర్రకో చేతికో ముందు దొరికే అవకాశం ఉంది.

ఒకటిన్నర మీటరు అన్న హద్దు ఊహించి పెట్టింది కాదు. ఆయన నడక సెకనుకు సుమారు 0.9 మీటర్లు. సెన్సార్లు నమ్మదగిన కొలత ఇవ్వడానికి అత్యధికంగా 0.36 సెకన్లు, అంటే 32 సెంటీమీటర్లు. శబ్దం విని అర్థం చేసుకోవడానికి సుమారు 0.6 సెకన్లు, అంటే 54. వేసిన అడుగు ఆపుకోవడానికి మరో 30. కలిపితే 116. బ్లూటూత్ వాడితే దాని ఆలస్యం దాదాపు 0.2 సెకన్లు, ఇంకో 18 సెంటీమీటర్లు ఖర్చవుతాయి. అందుకే అడ్డాల హెచ్చరికను వైరుతోనే స్పీకరుకు ఇచ్చాం. పరిధిని మూడు మీటర్లకు పెంచితే భద్రత పెరుగుతుందని అనిపిస్తుంది. జరిగేది వేరు: ఇరుకు వీధిలో మూడు మీటర్ల లోపు ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది, ఆగకుండా మోగుతుంది, రెండో రోజుకే మనిషి దాన్ని వినడం మానేస్తాడు.

తయారీ

కావాల్సినవి: హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సార్లు 2, ఆర్డుయినో నానో (పరికరాన్ని నడిపే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డు) 1, ఎంపీయూ6050 మోషన్ సెన్సార్ 1, 8 ఓమ్స్ అర వాట్ స్పీకరు 1, నాణెం సైజు కంపన మోటారు 1, 2ఎన్2222 ట్రాన్సిస్టర్లు 2, 1 కిలో ఓమ్ రెసిస్టర్లు 2, 47, 220 ఓమ్స్ రెసిస్టర్లు ఒక్కోటి, 1ఎన్4148 డయోడ్లు 2, 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ 1, 2600 ఎంఏహెచ్ 18650 లిథియం సెల్ 1, రక్షణ సర్క్యూట్ ఉన్న టీపీ4056 చార్జింగ్ బోర్డు, 5 వోల్టులకు పెంచే ఎంటీ3608 బోర్డు. పట్టీ, డబ్బాతో కలిపి సుమారు పదిహేను వందల రూపాయల్లో అవుతుంది. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ నుంచి పీకిన సెల్ మాత్రం వాడొద్దు, ఇది గుండెల మీద కట్టుకునే వస్తువు.

రెండు సెన్సార్లూ ఛాతీ మధ్యలో, నేల నుంచి 125 సెంటీమీటర్ల ఎత్తున. ఆయన ఎత్తు 168. సెన్సార్ చూసే కోణం సుమారు 15 డిగ్రీలు, అంటే మధ్యగీతకు అటూ ఇటూ ఏడున్నర. పై సెన్సార్‌ను 15 డిగ్రీలు పైకి వంచితే ఒకటిన్నర మీటరు దూరంలో 145 నుంచి 187 సెంటీమీటర్ల ఎత్తు దాకా చూస్తుంది, నుదురు దీంట్లో పడుతుంది. కింది సెన్సార్‌ను 5 డిగ్రీలు దించితే అదే దూరంలో 92 నుంచి 131 దాకా. మధ్యలో సన్నటి ఖాళీ ఉన్నట్టు లెక్క చెబుతుంది. షట్టరు, లారీ తలుపు లాంటివి వెడల్పుగా ఉండి అంచుల నుంచీ ప్రతిధ్వని ఇస్తాయి కాబట్టి ఆచరణలో అది ఇబ్బంది పెట్టలేదు. పొడుగు, పొట్టి మనుషులకు ఈ కోణాలు మళ్లీ లెక్కేయాల్సిందే. పట్టీ జారి కింది సెన్సార్ మరీ కిందికి వాలిందంటే రోడ్డే అడ్డంగా మోగుతుంది. పట్టీని రెండు భుజాల మీంచి వీపున ఎక్స్ ఆకారంలో కలిపి కుట్టించడం అందుకే. స్త్రీలకు ఈ ఛాతీ పట్టీ సౌకర్యం కాదు, పైగా పైట సెన్సార్‌ను కప్పేస్తుంది. హ్యాండ్‌బ్యాగు పట్టీకి బిగించే క్లిప్పు డబ్బా వేరుగా చేయాలి.

రెండు సెన్సార్లను ఒకేసారి పలికించకూడదు. ఒకదాని ప్రతిధ్వని రెండోది అందుకుంటుంది. ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో 60 మిల్లీసెకన్ల ఎడం. ఒక్కో సెన్సార్ నుంచి మూడు కొలతలు తీసుకుని మధ్యదాన్ని నమ్మాలి. ఒంటరి తప్పుడు కొలత దాంతో కొట్టుకుపోతుంది. సెన్సార్ తిరిగిచ్చే పల్స్ నిడివిని మైక్రోసెకన్లలో తీసుకుని 58తో భాగిస్తే దూరం సెంటీమీటర్లలో వస్తుంది. 35 లోపు వచ్చినవన్నీ వదిలేయాలి, అవి కర్ర పట్టుకున్న చెయ్యో భుజం మీది తుండో అయి ఉంటాయి.

స్పీకరు కుడి భుజం పట్టీ మీద, చెవికి జానెడు దూరంలో. ఫుట్‌పాత్ లేని చోట ఎదురు ట్రాఫిక్‌ను వింటూ రోడ్డు కుడి పక్కన నడవడం ఆయన అలవాటు, కాబట్టి రానూపోనూ వాహనాలు ఎడమ చెవి వైపే ఉంటాయి. ఆ చెవిని వాటికే వదిలేయాలి. గట్టితనానికి రెండు మెట్ల స్విచ్: 47 ఓమ్స్ గుండా పోతే మెయిన్ రోడ్డుకు, 220 గుండా పోతే గల్లీకి. యాంప్లిఫయర్ బోర్డు పెట్టి చూస్తే చెవి పక్కన సన్నటి 'స్స్' ఆగకుండా వస్తుంది, దాన్ని తీసేసి ఒక ట్రాన్సిస్టర్‌తో నడపడమే హాయి.

చూపు లేని మనిషికి చార్జింగ్ బోర్డు మీది ఎర్రలైటు, నీలంలైటు దేనికి? ఆన్ చేయగానే బ్యాటరీని బీప్‌లతో చెప్పాలి: 3.9 వోల్టుల పైన మూడు, 3.6 పైన రెండు, అంతకు దిగితే ఒకటి. అన్నీ కలిపి కరెంటు వాడకం 5 వోల్టుల దగ్గర 90 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే పూర్తి చార్జికి పదిహేడు, పద్దెనిమిది గంటలు వస్తుంది. పవర్‌బ్యాంకు పెడదామని అందరికీ తోస్తుంది. చాలా పవర్‌బ్యాంకులు ఇంత తక్కువ కరెంటు లాగితే ఏమీ లేదనుకుని వాటంతటవే ఆగిపోతాయి, అదీ నడిరోడ్డు మీద, చప్పుడు లేకుండా.

నోరు మూసుకోవడం నేర్పించడం

మొదటి రూపంలో ఈ పరికరం చేసిన అతిపెద్ద తప్పు వాగుడు. బస్టాండు క్యూలో ముందున్న మనిషి వీపు ఎప్పుడూ అర మీటరు దూరంలోనే ఉంటుంది, క్యూ కదిలినంతసేపూ మోతే. దీనికి మూడు నిబంధనలు పెట్టాం. ఒకటి, దూరం అర సెకను కిందటి కంటే కనీసం 10 సెంటీమీటర్లు తగ్గితేనే మోగాలి. అడ్డం మనతో పాటే కదులుతుంటే అది అడ్డం కాదు. రెండు, రెండు సెకన్ల పాటు అడుగు పడకపోతే పూర్తిగా మౌనం. అడుగును ఎంపీయూ6050 నిలువు కదలికలో 0.15 జీ తేడాతో పట్టుకుంటుంది. మూడు, ఆగిన మనిషి మళ్లీ మొదటి అడుగు వేయగానే ఎదురుగా ఏమైనా ఉంటే ఒక్కసారి చెప్పాలి. ఈ మూడోది లేకపోతే మొదటి రెండూ ప్రమాదం: స్తంభం ముందు ఆగి ఫోను మాట్లాడిన మనిషి మాటలు ముగించి నేరుగా దాన్నే గుద్దుకుంటాడు.

ఎక్కడెక్కడ చెడిపోతుంది

నానోలో శబ్దం పుట్టించే టోన్ ఆదేశం 'టైమర్ 2'ను వాడుకుంటుంది. కంపన మోటారును 3 లేదా 11 పిన్నుకు కలిపి వేగం మార్చబోతే రెండూ తగువులాడుకుంటాయి. 5 లేదా 6కు కలపాలి. మోటారు మొదలైన క్షణంలో వోల్టేజీ పడిపోయి నానో రీసెట్ అయితే, అడ్డం దగ్గరికి రాగానే పరికరం మళ్లీ బ్యాటరీ బీప్‌లు మొదలుపెడుతుంది. 5 వోల్టుల లైను మీద 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టేది అందుకే.

ఎదురుగా ఏమీ లేనప్పుడు చవక సెన్సార్లు ప్రతిధ్వని కోసం చాలాసేపు కాచుకుని కూర్చుంటాయి. ప్రోగ్రాములో కాచుకునే హద్దు పెట్టకపోతే పూర్తి సెకను దాకా వృథా అవుతుంది. 15 మిల్లీసెకన్లు పెడితే రెండున్నర మీటర్ల దాకా వస్తుంది, అది చాలు. నానో బదులు ఈఎస్‌పీ32 బోర్డు వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: సెన్సార్ ఎకో పిన్ను 5 వోల్టులు పంపుతుంది, ఆ బోర్డు తట్టుకునేది 3.3. మధ్యలో 1 కిలో ఓమ్, 2 కిలో ఓమ్స్‌తో వోల్టేజీ తగ్గించాలి.

తిరుపతి ఎండలకు సెన్సార్ తప్పు చెబుతుందేమోనని చాలామందికి అనుమానం. 20 డిగ్రీల దగ్గర ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు, 42 దగ్గర సుమారు 356. తేడా నాలుగు శాతం. ఒకటిన్నర మీటరు 144 సెంటీమీటర్లుగా కనిపిస్తుంది, అంటే ఆరు సెంటీమీటర్ల ముందే మోగుతుంది. దాన్ని పట్టించుకోనక్కర్లేదు. అసలు శత్రువు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వాన. సెన్సార్ కళ్ల జాలీ మీద ఒక్క చుక్క నిలిచినా కొలతలు పిచ్చిగా వస్తాయి. నీటికి తట్టుకునే జేఎస్‌ఎన్-ఎస్‌ఆర్04టీ ఉంది. కానీ దాని చూపు మరీ వెడల్పు, పక్కన నడిచే మనుషులంతా అడ్డాలవుతారు. పై సెన్సార్‌కు రెండు సెంటీమీటర్ల ప్లాస్టిక్ చూరు పెట్టి, జోరు వానలో పరికరం ఆపేయమనే చెప్పాం.

వస్తువును బట్టీ తేడా వస్తుంది. 40 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు 9 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. అంత సన్నటి తాడు, స్టే వైరు తిప్పి పంపే ప్రతిధ్వని చాలా తక్కువ, మీటరు లోపుకు వస్తే గానీ దొరకదు, వాలుగా ఉంటే అసలు దొరకదు. నున్నటి అద్దం తలుపు ఏటవాలుగా తెరిచి ఉంటే శబ్దం పక్కకు జారిపోతుంది. వేలాడే మెత్తటి బట్ట శబ్దాన్ని మింగేస్తుంది. వీటికి విరుగుడు ఎలక్ట్రానిక్స్‌లో లేదు. గట్టి అంచు ఉన్న టోపీ పెట్టుకుంటే తాడు ముందు టోపీకి తగులుతుంది, ఎండ మిరుమిట్లూ తగ్గుతాయి. రెటినైటిస్ ఉన్నవాళ్లకు ఆ రెండో ప్రయోజనం చిన్నది కాదు.

దిక్కు చెప్పే శబ్దం

అడ్డాల సంగతి వేరు, దారి సంగతి వేరు. మైక్రోసాఫ్ట్ 2018లో తెచ్చిన సౌండ్‌స్కేప్ గమ్యం ఉన్న దిక్కు నుంచే శబ్దం వస్తున్నట్టు వినిపించేది. 2023లో కంపెనీ దాన్ని ఆపేసి కోడ్‌ను అందరికీ తెరిచింది. ఆ కోడ్ మీద కట్టిన వాయిస్‌విస్టా ఆయన ఐఫోన్‌లో, బోన్ కండక్షన్ హెడ్‌సెట్‌తో నడుస్తోంది. ఇక్కడ బ్లూటూత్ ఆలస్యం పెద్ద విషయం కాదు, దిక్కు అర సెకనులో మారదు.

గల్లీల్లో మాత్రం దీన్ని ఆన్ చేయకూడదు. రెండు వైపులా మేడలున్న ఇరుకు వీధిలో ఉపగ్రహ సంకేతం గోడలకు తగిలి తిరిగొస్తుంది. స్థానం పది, పదిహేను మీటర్లు పక్కకు జరిగితే శబ్దం మనిషిని ఎవరి కాంపౌండు గోడ వైపో లాగుతుంది. ఫ్లైఓవర్ కింద ఇంకా ఘోరం, గుర్తు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు గెంతుతుంది. అందుకే ఆకాశం బాగా కనపడే చోట్ల మాత్రం, మెయిన్ రోడ్డు మలుపుల దగ్గర గుర్తులు భద్రపరిచాం. గుర్తు పెట్టేటప్పుడు ఆ చోట కాసేపు కదలకుండా నిలబడి, స్థానం కుదురుకున్నాకే సేవ్ చేయాలి. సేతు కింద దాటేటప్పుడు అది ఆఫ్. అక్కడ దారి చూపేది పక్కన కదిలే ట్రాఫిక్ చప్పుడే: మన పక్క వాహనాలు మనకు సమాంతరంగా బయలుదేరిన క్షణమే మనమూ బయలుదేరాలి.

ఫోను దిక్సూచి ఎప్పుడు చూసినా ఇరవై, ముప్పై డిగ్రీలు తప్పుతుంటే ముందు అయస్కాంతాల కోసం వెతకాలి. ఫోను పౌచ్ బొత్తాం, మన స్పీకరు వెనకున్న అయస్కాంతం, రెండూ అనుమానితులే. ఫోను ఎడమ వైపు, స్పీకరుకు కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి.

నేర్పిన వరస

ముందు పరికరం లేకుండా కర్ర. రొమ్ము ఎముక చివరిదాకా వచ్చే పొడవు, ఈయనకు 120 సెంటీమీటర్లు. వేళ్ల స్పర్శ తక్కువ కాబట్టి చప్పుడు గట్టిగా చేసే గట్టి నైలాన్ మొన. భుజాల కంటే అటూ ఇటూ అయిదు సెంటీమీటర్లు వెడల్పుగా కర్ర ఊగాలి, ఎడమ అడుగు పడేటప్పుడు మొన కుడి పక్కన తాకాలి. ఇది చెదరకుండా వచ్చాకే పట్టీ కట్టాలి.

తర్వాత ఇంట్లో కూర్చోబెట్టి శబ్దాలు గుర్తుపట్టించడం. ఆ తర్వాత వరండాలో దూలానికి అట్టపెట్టె ముఖం ఎత్తున వేలాడదీసి దాని వైపు నడిపించడం. మోగగానే చేయాల్సింది ఒకటే వరస: ఆగడం, ఖాళీ చేతిని అరచెయ్యి బయటికి తిప్పి ముఖానికి జానెడు ముందు అడ్డం పెట్టడం, పగలైతే కళ్లను పైకీ కిందికీ తిప్పి మిగిలిన చూపుతో వెతకడం, అప్పుడు పక్కకు జరగడం. పది నడకల్లో తొమ్మిదిసార్లు పెట్టెకు తగలకుండా ఆగితే గల్లీకి, గల్లీలో కుదిరితే తెల్లవారుజామున మెయిన్ రోడ్డుకు, చివర్న సాయంత్రం చీకటికి. శిక్షకుడు కర్ర లేని వైపు, ఒక అడుగు వెనక ఉండాలి. "అన్నా, ఆగు" అని అరవాల్సి వచ్చిందంటే ఆ రోజుకు ముందు మెట్టుకు తిరిగి రావాలి.

అన్నిటికంటే జాగ్రత్తగా కాచుకోవాల్సింది కర్ర విషయంలో వచ్చే నిర్లక్ష్యాన్ని. పరికరం నమ్మకంగా పనిచేయడం మొదలైన కొద్దీ కర్ర ఊగే వెడల్పు తగ్గుతూ వస్తుంది. ఛాతీకి కాపలా ఉంది కదా అని చెయ్యి తెలియకుండానే బద్ధకిస్తుంది. ఈయనలో అది స్పష్టంగా కనిపించింది. ఈ సెన్సార్లకు గుంత తెలియదు, దుకాణం ముందు బండ ఊడిపోయిన మురికి కాలవ తెలియదు. షుగరుతో అరికాళ్లు మొద్దుబారిన మనిషి కాలవలో కాలు వేస్తే గాయమైన సంగతి ఇంటికి వెళ్లి చెప్పు విప్పేదాకా తెలియకపోవచ్చు, ఆ గాయం వేలు పోగొట్టేదాకా వెళ్లొచ్చు. విరుగుడుగా వరండా నేల మీద 60 సెంటీమీటర్ల ఎడంతో రెండు తాళ్లు అంటించి, కర్ర మొన ప్రతి అడుగుకూ రెండు తాళ్లనూ తాకేలా పరికరం ఆన్‌లో ఉంచే నడిపించాం. దారిలో కొంత భాగం పరికరం ఆపి నడవడం వారం వారం కొనసాగుతోంది. అది శిక్షణలో భాగమే, పరికరం మీద అపనమ్మకం కాదు.

ఇప్పుడు ఎక్కడుంది

షట్టర్లు, లారీ తలుపులు, మెట్ల కింది భాగాలు ఇప్పుడు నుదుటికి తగలడం లేదు. సాయంత్రం తిరుగు నడకలో, సేతు నీడలోకి అడుగుపెట్టే చోట పరికరం ఎక్కువగా ఉపయోగపడుతోంది. పొద్దున గల్లీల్లో ఆయన దాన్ని తక్కువ గట్టితనం మీద పెట్టుకుంటారు, తెలిసిన చోట ఆపేస్తారు కూడా. ఆపేయడం ఆయన హక్కు, దాన్ని లోపంగా లెక్కపెట్టకూడదు.

వాహనాల నుంచి ఇది కాపాడదు. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో ఎదురొచ్చే బండి ఒకటిన్నర మీటరును 0.27 సెకన్లలో దాటేస్తుంది, మన కొలత పూర్తయ్యేలోపే. ఎలక్ట్రిక్ ఆటోలు ఇంజన్ చప్పుడు లేకుండా వస్తాయి, టైర్ల రాపిడి ఒక్కటే వినపడుతుంది, దాన్ని వినడానికైనా చెవి ఖాళీగా ఉండాలి. తాతయ్యగుంట గంగమ్మ జాతర రోజుల్లో, ఊరేగింపులప్పుడు పరికరం ఇంట్లోనే ఉంచి, చూపున్న మనిషి మోచెయ్యి పట్టుకుని నడవాలని ముందే ఒప్పందం. డప్పుల మధ్య శబ్దం వినపడదు, పందిళ్ల తాళ్లు సెన్సార్‌కు దొరకవు, రోజూ నడిచే దారి ఆకారమే మారిపోతుంది.

ఆర్నెల్లకోసారి పట్టీ కోణాలు కొలతబద్దతో సరిచూడాలి, సెన్సార్ జాలీలను పొడి బ్రష్షుతో దులపాలి. ఏడాదికోసారి ఆడియోగ్రామ్. 2400 హెర్ట్జ్ దగ్గర వినికిడి 10 డెసిబెల్స్ తగ్గినట్టు కనిపిస్తే తల ఎత్తు శబ్దాన్ని 1800కు దించి, కింది 'టక్'తో కలిసిపోకుండా ఉందో లేదో వరండాలో అట్టపెట్టెతో మళ్లీ మొదటి నుంచి పరీక్షించాలి.